పన్నెండు పాత ఇంజన్లు

మిస్కో అనే గనుల ఊళ్ళో ఉర్హో లాంపినెన్ వంటిల్లు. శనివారం పొద్దున పదిన్నర. ఆయన ఒకప్పుడు రైలు షెడ్డు ఫోర్‌మాన్. ఎదురుగా కూర్చున్నది ఐలి, ఇంజను డ్రైవర్ ఆర్వో కూతురు.

"ఎక్కడా, సంతకం ఈ గీత మీదేనా?"

"అవును బాబాయ్, మీ పేరు టైపు కొట్టిన చోట. కళ్ళజోడు పెట్టుకోరా?"

"సంతకానికి కళ్ళజోడెందుకమ్మాయ్. ముప్ఫై నాలుగేళ్ళు పెట్టాను ఇలాంటివి. కళ్ళు మూసుకున్నా చెయ్యి దానంతటదే పోతుంది. ఇదిగో, అయిపోయింది. కాఫీ పొయ్యనా?"

"చదవనే లేదు మీరు."

"నువ్వు చెప్పావుగా. పదకొండో నంబరు ఇంజను ఏ యాక్సిడెంటులోనూ లేదు, బ్రేకులు సక్రమంగా ఉన్నాయి, షెడ్డు ఫోర్‌మాన్‌గా నేనెరుగుదును. అంతేగా?"

"అంతే. ఆ షెడ్డువాళ్ళలో మిగిలింది మీరొక్కరే. మీ సంతకం లేందే జనాన్ని ఎక్కించనివ్వనన్నాడు ఇన్‌స్పెక్టర్. ఉండండి, ఫొటో తీసి స్టేషన్‌కి పంపేస్తా."

"తొందరేముంది? రొట్టె తిను. కోడలు చేసింది, యాలకులు బాగానే దంచేసింది. కాఫీలో ముంచుకో, ఊరికే తింటే పళ్ళు ఊడతాయి."

"పంపేశా. ఇంక పన్నెండింటికి బండి బయల్దేరినట్టే."

"పన్నెండింటికా? ఇవాళా? రేపు ఆదివారం అన్నారు కదా."

"రేపు వానంటున్నారని ఇవాళ్టికి జరిపారు. చర్చి వాళ్ళు, స్కూలు వాళ్ళు, మొత్తం నూట నలభై మంది. టిక్కెట్టు ఒక్కటి మిగల్లేదు."

"సరేలే. యార్డులో అటు పావు మైలు, ఇటు పావు మైలు. ఎప్పుడైతేనేం."

"యార్డులో కాదు బాబాయ్. సెడార్ దిగుడు మీదుగా, ఆ కొండవాలున సరస్సు ఒడ్డు దాకా."

"ఎవరు చెప్పారు? పేపర్లో యార్డనే వేశారు."

"మా పాత ఇంజన్ల సంఘం కమిటీ మార్చింది. యార్డులో ఏముంది చూడ్డానికి, తుప్పు తప్ప? అయ్యో, కాఫీ ఒలుకుతోంది, కప్పు ఇటివ్వండి."

"ఒలకలేదు. ఆ గుడ్డ ఇలా పడెయ్. దిగుడు మీద పట్టాలు వాడి పాతికేళ్ళయింది కదే."

"వేసవంతా బాగు చేయించారు. ఇక నా పుస్తకం సంగతి. పన్నెండు ఇంజన్లు, పన్నెండు పేజీలు. మీరు చెబుతూ పోండి, ఫోన్ రికార్డు చేసుకుంటుంది. ఒకటో నంబరు?"

"ఆ కాగితం ఓసారి ఇటివ్వమ్మాయ్. తేదీ తప్పేశానేమో."

"తేదీ మీరు వెయ్యలేదు. నేనే వేశాను. ఒకటో నంబరు?"

"ఒకటో నంబరు... చికాగో దగ్గర ఏదో ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళది. వాళ్ళకి పాతబడ్డాక మనకి కొత్తదైంది. మన లైను తీరే అంత కదా. పన్నెండింట్లో ఒక్కటీ అచ్చంగా మన కోసం తయారైంది లేదు. అన్నీ ఒకరు వాడి వదిలేసినవే. మా పెయింటర్ ఆస్కర్ అనేవాడు, మనం ఇంజన్లు కొనడం లేదురా, విధవా పునర్వివాహాలు చేస్తున్నాం అని."

"అది రాసుకోవచ్చా?"

"రాసుకో, వాడు పోయి పదిహేనేళ్ళయింది. రెండో నంబరూ మూడో నంబరూ అక్కచెల్లెళ్ళు. ఇండియానా నుంచి వచ్చాయి. దీని తలుపు దానికి సరిపోయేది, దీని రోగం దానికి వచ్చేది. వచ్చినప్పుడు రెంటి మీదా పాత కంపెనీ పేరు ఉండేది. తెల్లరంగు తక్కువై ఒక్క పూతే పూశాడు ఆస్కర్. ఎండ పడితే చాలు, పాత పేరు బయటికి కనపడేది. ఐదో నంబరు బీట్‌రూట్ పంచదార మోసే లైనుది. దాన్ని..."

"నాలుగు వదిలేశారు."

"వదిలేశానా? వయసు కదే."

"ఒకటి, రెండు, మూడు, ఐదు. నాలుగో నంబరు ఎక్కడిది?"

"డకోటా నుంచి. గోధుమలు మోసే లైను. అక్కడ నేల రొట్టెల పీటలా ఉంటుంది, బ్రేకు వెయ్యాల్సిన పనే పడదు. ఇంతకీ బండి ఎవరు నడుపుతున్నారు ఇవాళ?"

"సిగ్నే."

"నీ కూతురు సిగ్నేనా?"

"మరెవరి సిగ్నే? లైసెన్సొచ్చి ఏడాదయింది. తాత సీట్లో కూర్చుంటానని చిన్నప్పట్నించీ దాని పోరు."

"దానికి ఈ దిగుడు కొత్త కదా. ఎవరైనా పెద్దవాళ్ళని నడపమనకూడదూ?"

"ఇరవై ఆరేళ్ళు బాబాయ్ దానికి. నాలుగో నంబరు చెప్పండి."

"చెప్పడానికేముంది. డ్రైవర్ కాళ్ళ దగ్గర నేల పలకల సందుల్లో గోధుమలు ఇరుక్కుని ఉండేవి. ఎంత ఊడ్చినా వచ్చేవి. మొదటి ఏడు మంచు కరిగాక అవి మొలకెత్తాయి. పచ్చగా, ఇంత ఎత్తున. మీ నాన్న వాటి మీద కాలు పెట్టకుండా నడిపేవాడు, పాపమని. అందరం నవ్వేవాళ్ళం."

"తర్వాత?"

"తర్వాత ఏముంది. ఐదో నంబరు..."

"తర్వాత మీతో పనిచేసే లియో బోద్రీ చనిపోయాడు. నాలుగో నంబరు కిందపడి. డెబ్భై తొమ్మిది జూలైలో."

"తెలిసే అడుగుతున్నావన్నమాట."

"ఊరందరికీ తెలుసు. ఎలా పోయాడో మీరు చెప్పండి."

"దిగుడు మీద నిలబెట్టి ఉంది. కింద గొలుసు తీస్తున్నాడు లియో. బ్రేకులు వేసే ఉన్నాయి. పట్టుకోవాల్సినంత పట్టుకోలేదు, జారింది. రెండు బారలు జారి ఆగింది. ఆ రెండు బారల్లోనే వాడు ఉన్నాడు. ఆ రొట్టె పక్కన పెట్టెయ్, నాకు చూడబుద్ధి కావట్లేదు."

"ఆ తర్వాత దాన్నెవరూ ఎక్కలేదు కదా?"

"ఒక్కడు ఎక్కితే ఒట్టు. మనిషిని తిన్న ఇంజను ఎక్కకూడదని మనవాళ్ళ పట్టింపు. దేశదేశాల నుంచి వచ్చిన ఫిన్నులు, ఫ్రెంచివాళ్ళు, కార్నిష్ వాళ్ళు ఏ ఒక్క మాట మీదా కలిసేవాళ్ళు కాదు, దీని మీద మాత్రం కలిశారు. నాలుగో నంబరిస్తే జ్వరమని ఇంటికి పోయేవాళ్ళు. ఖనిజం గుట్టలు పేరుకుపోయాయి. సిగ్నేకి ఫోన్ చేసి బోగీలు తగ్గించుకోమని చెప్పు."

"ఎందుకు?"

"ఆకులు రాలే కాలం. పట్టాలు జారతాయి."

"ఇసుక పోశారు. మరి నాలుగో నంబరు ఏమైంది?"

"తుక్కుకి పోయింది."

"ఎప్పుడు?"

"ఎనభై మూడులో."

"అంటే నాలుగేళ్ళు. ఎవరూ ఎక్కకుండా నాలుగేళ్ళు ఏం చేసింది?"

"ఎక్కారులే తర్వాత. జనం మర్చిపోతారు."

"మా నాన్న మర్చిపోలేదు. చనిపోయేదాకా లియో వాళ్ళింటికి ప్రతి ఆదివారం చేప పట్టుకెళ్ళేవాడు. నాలుగో నంబరు ఎక్కితే మా ఆవిడ మొహం మళ్ళీ చూడను అని ఒట్టేశాడు. అమ్మ చెప్పేది."

"మీ నాన్న ఏడో నంబరులో కదా పోయింది."

"అదే అంటున్నా. ఏడో నంబరు ఎక్కడిది బాబాయ్?"

"పెన్సిల్వేనియా బొగ్గు లైనుది. మంచి ఇంజను."

"పదకొండు?"

"పేపరు మిల్లుది. విస్కాన్సిన్. కాబిన్‌లో కుళ్ళిన కోడిగుడ్ల వాసన వచ్చేది. టైమెంతైంది?"

"పదకొండూ పది. ఏంటి పదేపదే గడియారం కేసి చూస్తున్నారు?"

"మోకాళ్ళ మందు వేసుకోవాలి. ఐలీ, ఓ మాట. ఈ ఒక్కసారికి యార్డులోనే తిప్పమని చెప్పు. నా మాటగా చెప్పు."

"నూట నలభై మందికి ఏమని చెప్పను? మీ సంతకం ఉంది, బ్రేకులు సక్రమంగా ఉన్నాయని."

"సక్రమంగానే ఉన్నాయి. యార్డుకి. అది దిగుడుకి అలవాటైన ఇంజను కాదు."

"అదేంటి? పేపరు మిల్లు కొండమీద కదా ఉంది. ఎక్కడం దిగడం తప్ప దానికి వేరే పనేముంది?"

"అది అప్పుడు. తర్వాత రేవు దగ్గర చదునులోనే ఉంచాం."

"ఎందుకు ఉంచారు? ఏ యాక్సిడెంటూ లేని ఇంజను, రిపేరు కార్డు మీద ఒక్క మచ్చ లేదు. మా సంఘం వాళ్ళు అందుకే కదా దీన్ని కొన్నారు. అంత మంచి ఇంజన్ని ఎనభై ఒకటి నుంచి లైను మూసేదాకా ఒక్కసారి కూడా దిగుడు మీదికి పంపలేదు. ఎందుకు?"

"సూపరింటెండెంటు ఇష్టం."

"ఆయనా పోయాడు. పోయినవాళ్ళ నెత్తిన ఎంతైనా పెట్టొచ్చు."

"నన్ను దొంగని అడిగినట్టు అడుగుతున్నావేంటమ్మాయ్?"

"నేను ఇంజను సంగతి అడిగాను. మీరే భుజాలు తడుముకుంటున్నారు. పోనీ, వద్దంటే ఆపేస్తాను. పావుగంటలో నేనూ స్టేషన్‌కి పోవాలి. సిగ్నే పక్కన కూర్చుంటానన్నాను."

"నువ్వు కూడానా?"

"మొదటి ప్రయాణం కదా."

"వెళ్ళకు."

"ఎందుకు?"

"వెళ్ళకన్నాను. సిగ్నేని కూడా దిగిపొమ్మను. ఒంట్లో బాగాలేదని చెప్పమను."

"జ్వరమని చెప్పమంటారా? ఆ రోజుల్లో వాళ్ళు చెప్పినట్టు?"

"ఐలీ, ఆ ఫోన్ ఆపు."

"ఆపను. పదకొండున్నర కావస్తోంది బాబాయ్. జనం ఎక్కుతుంటారు ఈపాటికి."

"అది పదకొండు కాదు."

"ఏది?"

"ఆ ఇంజను. పదకొండో నంబరు కాదది. నంబర్లు మార్చాం."

"ఎవరు?"

"నేనూ, ఆస్కరూ, సూపరింటెండెంటు. ఊరంతా చర్చిలో ఉన్న ఆదివారం. రంగులు పూసి, నంబరు పలకలు విప్పి బిగించాం. మసిపూసి మారేడుకాయ చేశాం. నాలుగు ఏడైంది, ఏడు నాలుగైంది. రెండూ ఒకే మోడలు, బయటికి తేడా తెలీదు. సోమవారం పొద్దున్నే అందరూ మంచి ఇంజను ఎక్కామనుకుని ఎక్కారు. నాలుగోది ఎవరూ ముట్టుకోరు కనక అది షెడ్డు వెనక నిలబడింది. నిజానికి నిలబడింది ఏ పాపం ఎరగని బొగ్గు లైను ఇంజను."

"లియోని చంపింది ఏడో నంబరు పేరుతో తిరుగుతోంది."

"తిరిగింది."

"మా నాన్న దాన్నే నడిపాడు."

"ఊఁ."

"ఊఁ అనకండి. నోటితో చెప్పండి."

"నడిపాడు. పదహారు నెలలు."

"బ్రేకులు? పాడైన బ్రేకులు బాగు చెయ్యలేదా?"

"చెయ్యకుండా ఉంటామా? సర్కారు ఇన్‌స్పెక్టర్ నుంచి ఆర్డరొచ్చింది. నాలుగో నంబరుకి కింద బ్రేకు లీవర్లు, పిన్నులు అన్నీ తీసి కొత్తవి వెయ్యాలని. సామాను రావడానికే ఏడాది పైన పట్టింది. ఎనభై నవంబరులో వచ్చింది. పదిహేనో తారీఖు. జింకల వేట సీజన్ మొదలు."

"మీరు వేటకి పోయారు."

"ఊళ్ళో మగాళ్ళందరూ పోయారు. షెడ్డులో కొత్త ఫిట్టరొక్కడే ఉన్నాడు. ఒహాయో వాడు, వేట రాదు, ఈ నంబర్ల సంగతీ తెలీదు. కాగితం మీద నాలుగు అనుంది, షెడ్డు వెనక నాలుగు అని రాసిన ఇంజను ఉంది. కొత్త బ్రేకులు దానికి వేసేశాడు. చక్కగా వేశాడు కూడా. కార్డు మీద ఎక్కించి సంతకం పెట్టాడు."

"ఏ రోగమూ లేనిదానికి."

"ఏ రోగమూ లేనిదానికి. మన షెడ్డులో కార్డులు నంబరుని బట్టి నడుస్తాయి, ఇనుముని బట్టి కాదు. రోగం ఉన్నది ఏడో నంబరై తిరుగుతోంది, ఏడో నంబరు కార్డు మీద ఏ ఆర్డరూ లేదు."

"డిసెంబరు రెండున నాన్న దిగుడు మీద పోయాడు."

"అవును."

"కోర్టులో ఏడో నంబరు కార్డు చూపించారు. మచ్చలేని ఇంజను, డ్రైవరే వేగంగా నడిపాడన్నారు. అమ్మకి పెన్షన్ సగం కోసేశారు. స్కూల్లో నన్ను... సరే, అదొద్దు. మీరు వేటనుంచి వచ్చాక చూసుకోలేదా?"

"చూసుకోలేదమ్మా. దేవుడి మీద ఒట్టు. ఆర్వో పోయాక కార్డులు తిరగేస్తే అప్పుడు తెలిసింది నాకు. అప్పటికే అయిపోయింది. చెబితే మీ నాన్న లేచొస్తాడా అన్నాడు సూపరింటెండెంటు."

"తర్వాత మళ్ళీ నంబరు మార్చారు."

"మనిషిని తింది కనక ఏడో నంబరు కూడా ఎక్కేది లేదన్నారు అందరూ. పదకొండూ అదే మోడలు. ముందు భాగం బాగుచేసి దాన్ని పదకొండు చేశాం, పదకొండుని ఏడు చేశాం. రేవు దగ్గర చదునులో పడేశాం. కింద బ్రేకులు అలానే వదిలేశాం. మారిస్తే కార్డు మీద ఎక్కాలి, ఎక్కితే ఎందుకు మార్చారని అడుగుతారు. చదునులో పర్వాలేదు కదా అనుకున్నాం. యార్డులో తిప్పుతారనుకునే ఇవాళ సంతకం పెట్టాను, ఐలీ. నీ మీద ఒట్టు. ఇంక ఫోన్ చెయ్యి."

"ఇంకోసారి చెప్పండి. నంబర్లతో, పేర్లతో."

"టైము లేదు కదే. పిల్ల ఎక్కేస్తుంది."

"చెప్పండి."

"పదకొండో నంబరే నాలుగో నంబరు. లియోని, ఆర్వోని చంపింది అదే. దాని బ్రేకులు ఎప్పుడూ బాగు చెయ్యలేదు. ఆర్వో తప్పేం లేదు. చెబుతున్నది ఉర్హో లాంపినెన్, షెడ్డు ఫోర్‌మాన్. చాలా? ఫోన్ చెయ్యి తల్లీ, కాళ్ళు పట్టుకుంటాను."

"కూర్చోండి. పడిపోతారు. బండి కదలదు."

"కదలదా?"

"సోమవారం నుంచీ షెడ్డులోనే ఉంది. చక్రాలకి గొలుసులేసి తాళం వేశారు. ఇవాళ టిక్కెట్లూ లేవు, జనమూ లేరు. సిగ్నే ఇంట్లో బట్టలు ఆరేస్తోంది."

"మరి ఆ కాగితం?"

"నేనే టైపు కొట్టాను. ఎవరికీ పంపలేదు."

"అంటే ఇంతసేపూ నన్ను..."

"తుప్పు గీకుతుంటే పదకొండు కింద ఏడు బయటపడింది. ఏడు కింద నాలుగు. నేల పలకలు ఎత్తి చూశాం. పేపరు మిల్లు ఇంజన్లో గుప్పెడు గోధుమలు, నల్లబడిపోయి. అప్పుడే అర్థమైంది నాకు. కానీ మీ నోటితో వినాలనుకున్నాను. చెబుతారో, నా కూతుర్ని కూడా పోనిస్తారో చూద్దామనుకున్నాను."

"చెప్పానుగా. చివరికి చెప్పానుగా అమ్మాయ్."

"చెప్పారు. గంట పైన పట్టింది. దానికి సంతోషమే. ఇక ఒక్కటే ఉంది బాబాయ్. నాన్న పోయాకే తెలిసిందన్నారు కదా."

"అన్నాను."

"ఆ నవంబరు ఆఖర్లో అమ్మ నాన్న చొక్కా ఉతుకుతుంటే జేబులోంచి గోధుమగింజలు రాలాయి. నాకు పన్నెండేళ్ళు, పక్కనే ఉన్నాను. ఎక్కడివని అమ్మ అడిగింది. ఏడో నంబరులో సీటు కింద దొరికాయి, బొగ్గు లైను ఇంజన్లో గోధుమలేంటో ఉర్హోని అడగాలి అన్నాడు. అడిగాడా?"

"అడిగాడు."

"ఏమని చెప్పారు?"

"ఎలకలు మోసుకొచ్చి ఉంటాయన్నాను."

"అప్పటికి వేటనుంచి వచ్చేశారా?"

"వచ్చేశాను."

"కొత్త బ్రేకులు దేనికి వేశారో చూశారా?"

"రాగానే చూశాను."

"అంటే నాన్నకి చెప్పడానికి మీకు టైముంది. ఎంత? ఇవాళ్టిలా ఒక గంటా?"

"గంట కాదమ్మాయ్. తొమ్మిది రోజులు. రోజూ పొద్దున్నే షెడ్డుకి పోతూ ఇక్కడ ఆగి నాతో కాఫీ తాగేవాడు, నువ్వు కూర్చున్న ఆ కుర్చీలోనే."